లైఫ్ జాకెట్‌కి గలీబు

మిషనమ్మకు కోపం వచ్చిందంటే ఇంట్లోవాళ్ళ కంటే ముందు వీధికే తెలుస్తుంది. మామూలు రోజుల్లో ఆమె కుట్టుమిషన్ ఎవరో తమలో తాము గొణుక్కుంటున్నట్టు ఒకే తీరున సాగుతుంది. కోపమొస్తే మాత్రం ఆగి ఆగి, ఉన్నట్టుండి ఎగబడి, దారం తెగేదాకా పరుగెత్తుతుంది. మరిది తన సరుకుల వ్యాన్ మీద ఒక పొడుగాటి ఎర్ర ప్లాస్టిక్ పడవను కట్టుకొచ్చి గుమ్మంలో దింపిన పూట, ఎదురు కొట్లో మంగలి తల బయటపెట్టి, ఇవాళ కొలతలివ్వడానికి ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళకండని దారినపోయేవాళ్ళకు చెప్పాడట.

ఆ పడవను కయాక్ అంటారు. ఒక్క మనిషి పైన కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ పోయేది. అది కూతురిది. కూతురు కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీస్తుంది. వారమంతా కిటికీ లేని వెనకగదిలో, మోటారు రొదలో, తెల్లటి పొడి మధ్య కూర్చుని ఎవరెవరి చూపులకో గాజు నునుపు చేస్తుంది. సెలవు రోజునైనా కంటికి అడ్డమేమీ లేని చోట కూర్చుని గాలం వేసుకోవాలని ఆ పిల్ల కోరిక. తోటి పనివాళ్ళతో ఒకటి రెండుసార్లు అద్దె కయాక్ మీద సముద్రంలోకి వెళ్ళొచ్చింది. ఇప్పుడు ఎవరో వాడి వదిలేసినదాన్ని సొంతానికి కొనేసుకుంది, తల్లి చెవిన ఒక్క ముక్కైనా వేయకుండా.

ఇల్లు ఇరుకు. ముందుగది కుట్టుకొట్టు, వెనకగది కాపురం, మధ్యలో ఒక నడవ. కయాక్ ఆ నడవలోనే పట్టింది. అది కూడా ఒక పక్కకు ఒరిగించి పెడితేనే. ఇక వంటింట్లోకి వెళ్ళాలన్నా, వంటింట్లోంచి రావాలన్నా మిషనమ్మ గోడకు వీపు ఆనించి పక్కవాటుగా నడవాలి. నడిచిన ప్రతిసారీ దాన్ని ఒక తిట్టు తిట్టేది. కయాక్ అనే మాట ఆమె నోట ఏనాడూ రాలేదు. 'ఆ తొట్టి' అనేది. బట్టలు నానబెట్టుకునే తొట్టిలో కూర్చుని సముద్రం మీదికి పోయేవాళ్ళకు బుద్ధి ఉందా అని భర్తను నిలదీసింది.

భర్త బస్సుల డిపోలో మెకానిక్. ఇంట్లో గొడవ మొదలైతే చెవుల్లో దూది పెట్టుకున్న మనిషిలా చేతులు కడుక్కుంటూ కూర్చుంటాడు. గోళ్ళలో ఎప్పుడూ కొంచెం గ్రీజు ఉంటుంది కాబట్టి ఆ కడుగుడుకు అంతుండదు. పిల్లకు ఈత వచ్చు కదా అన్నాడు, తల ఎత్తకుండా.

"ఈత సొరచేపకు కూడా వచ్చు" అంది మిషనమ్మ.

ఆమె భయమంతా అక్కడుంది. ఆమె తీరే అంత. ఎవరైనా రావలసిన వేళకు రాకపోతే, వాళ్ళు సందు మలుపు తిరిగేలోపే మనసులో వాళ్ళను ఆస్పత్రిలో చేర్పించి, పెద్ద డాక్టరు పెదవి విరిచేదాకా తీసుకెళ్ళిపోతుంది. తీరా వాళ్ళు చేతిసంచీ ఊపుకుంటూ లోపలికి వస్తే సంతోషించడం పోయి ఒంటికాలి మీద లేస్తుంది. అలాంటి మనిషి చేతికి సముద్రం దొరికింది. కూతురు తొట్టిలో కూర్చున్నట్టు, కాళ్ళు చెరో పక్కకు వేలాడుతున్నట్టు, కింద నల్లగా ఏదో చుట్టు తిరుగుతున్నట్టు పగలు మిషన్ ముందు కూడా కనిపించేది. అప్పుడు కుట్టు వంకర పోయేది. వంకర పోయిన కుట్టును విప్పుతూ, పిల్లను ఇంకో నాలుగు తిట్టేది.

మంటలో నూనె పోసింది మరిది. ఆయన మేడ మీద వాటాలో ఉంటాడు. రోజంతా వ్యాన్‌లో తిరుగుతాడు కాబట్టి ఊళ్ళో వాళ్ళందరి మాటలూ ఆయన దగ్గరే పోగవుతాయి. వదినను ఉడికించడమంటే ఆయనకు భోజనం కంటే ఎక్కువ. పడవ మోసుకొచ్చింది తనే అయినా, సొరచేప కథలు చెప్పిందీ తనే. ఎక్కడో ఒకాయన గాలానికి చిక్కిన చేపను పడవ పక్కన నీళ్ళలో వేలాడదీస్తే, సొరచేప వచ్చి చేపతో పాటు సంచీని, తాడును కూడా మింగి, ఆయన వైపు చూసి ఇంకేముందని అడిగినట్టు నోరు తెరిచిందట.

"వాడివన్నీ సొరకాయ కోతలు, నమ్మకు" అన్నాడు భర్త.

"కోసేది సొరకాయ అయితే నాకేం బాధ లేదు. సొరచేప కోస్తేనే బాధ" అంది ఆమె. మరిది పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ కథల్లోంచి ఒక్క పనికొచ్చే మాట ఏరుకుంది. పట్టిన చేపను నీళ్ళలో వేలాడదీయకూడదు, మూతున్న డబ్బాలో వేసుకోవాలి. అది కూతురు కూడా ఒప్పుకుంది, కయాక్ నేర్పేవాళ్ళు తమకూ అదే చెప్పారంది. ఇంకేం చెప్పారని తల్లి అడగలేదు. సొరచేప మాట లేని జాగ్రత్త ఆమె దృష్టిలో జాగ్రత్తే కాదు.

ఒక సాయంత్రం మరిది మెట్లు దిగి వస్తూ, నడవలో మేకుకు తగిలించిన లైఫ్ జాకెట్ చూశాడు. నీళ్ళలో మనిషిని తేల్చే నురుగు దిమ్మల చొక్కా అది. నిమ్మపండు పసుపు. భుజాల మీద, వీపు మీద వెలుగు పడితే తళుక్కుమనే పట్టీలు. రొమ్ము దగ్గర చిన్న తాడుకు ఒక ఈల.

"పసుపంటే దానికి ప్రాణం, వదినా. ఎంత లోతులో ఉన్నా పసుపు కనిపిస్తే పైకి వచ్చేస్తుందట" అన్నాడు. అనేసి, తన పాటికి తాను వ్యాన్ కడుక్కోవడానికి పోయాడు.

మిషనమ్మ ఆ పూట అన్నం సయించక లేచింది. జాకెట్‌ను కత్తిరింపు బల్ల మీద పరిచింది. టేపు తీసింది. చాలా కాలంగా దాచుకున్న గొడుగు గుడ్డ ఉంది ఆమె దగ్గర, ముదురు నీలం, నలుపుకు కొంచెం ఇవతల. దాన్ని కొలిచి, సుద్దతో గీసి, కత్తిరించి, దిండుకు గలీబు కుట్టినట్టు జాకెట్‌కి గలీబు కుట్టింది. పనిమంతురాలు. నురుగులోకి ఒక్క సూది పోటు పడకుండా, చంకల దగ్గర ఒరుసుకోకుండా, అంచులన్నీ లోపలికి మడిచి, జిప్పుకు వేరేగా దారి వదిలి, కొలతకు కొలత సరిపెట్టింది. తళుకు పట్టీలు లోపలికి పోయాయి. ఈల వేలాడుతుంటే చూడ్డానికి బాగాలేదని దాన్ని కూడా లోపలికి తోసి, పైన రెండు వరసలు కుట్టేసింది. తొడిగి చూస్తే ఆ పసుపు చొక్కా ఒకటుండేదని ఎవరికీ తెలియదు. తనకు తానే ముచ్చటపడింది.

కూతురు చూసి కళ్ళు తేలేసింది. తర్వాత నవ్వింది. తర్వాత గలీబు విప్పుతానని కత్తెర అందుకుంది.

తల్లి కత్తెర లాక్కుంది. అది లేకుండా సముద్రం మీదికి వెళ్ళావంటే నాకు అన్నం పెట్టనవసరం లేదు, నాతో మాట్లాడనవసరం లేదు, నేనొకదాన్ని ఉన్నానని అనుకోనవసరం లేదని మొదలుపెట్టి, చిన్నప్పుడు జ్వరమొచ్చి కళ్ళు మూతలు పడ్డప్పుడు ఎవరు కూర్చున్నారన్న దాకా వెళ్ళింది. కూతురు కాసేపు వాదించింది. ఈ రంగు పనికిరాదమ్మా అంది. తండ్రి వైపు చూసింది. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. సరేలే, ఈ రాద్ధాంతం కంటే గలీబే నయమని విసుక్కుని జాకెట్ మేకుకు తగిలించేసింది.

తర్వాతి సెలవు రోజు పొద్దున్నే మరిది వ్యాన్‌లో కయాక్ వేసుకుని ఆ పిల్లను తీరంలో దింపి వచ్చాడు. రావలసిన తోటి పనివాళ్ళు ఆఖరి నిమిషంలో రాలేదు. అది ఇంట్లో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి ఇల్లు చేరతానన్న మనిషి మధ్యాహ్నం దాటినా చేరలేదు. ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. మిషనమ్మ మిషన్ మీద దారం తెంపింది, మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ తెంపింది. ఆనక లేచి, చెప్పులు కుడిఎడమలు మారాయని కూడా చూసుకోకుండా వ్యాన్ ఎక్కి కూర్చుంది. దారిపొడవునా మరిదినీ మొగుడినీ కడిగేసింది. పిల్ల దొరకనీ, కాళ్ళు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెడతానంది.

చేపల లాంచీలు ఆగే గట్టు దగ్గర జనం పోగై ఉన్నారు. ఒక లాంచీ వెనక తాడుకు ఎర్ర కయాక్ తేలుతోంది. లాంచీ అంచున, ఎవరిదో పాత దుప్పటి కప్పుకుని కూతురు కూర్చుని ఉంది. పెదవులు పాలిపోయాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి. రెండు చేతులూ, రెండు కాళ్ళూ ఉన్నాయి. మిషనమ్మ మొదట అవే చూసుకుంది.

"అది వచ్చిందా?" అని అడిగింది.

"ఏది?" అన్నాడు లాంచీ నడిపే ఆయన.

"సొరచేప."

లాంచీ ఆయన ఆమె వైపు ఎగాదిగా చూశాడు. పెద్ద గొంతు ఆయనది. ఇంజను రొదలో మాట్లాడి మాట్లాడి నెమ్మదిగా మాట్లాడటం మరిచిపోయినట్టుంది. "సొరచేప లేదు, తిమింగలం లేదు. నేనున్నాను. నా లాంచీ కింద పడి చావాల్సింది మీ అమ్మాయి."

జరిగింది ఆయనే చెప్పాడు. వస్తుంటే ఖాళీ కయాక్ ఒకటి గాలికి కొట్టుకుపోతూ కనిపించింది. ఎర్రగా ఉంది కాబట్టి కనిపించింది. మనిషి ఎక్కడో ఉండాలి కదా అని వచ్చిన దారినే వెనక్కి తిప్పాడు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. వెతుక్కుంటూ పిల్ల పక్కనుంచే పోయాడు. కనిపించలేదు. మళ్ళీ తిరిగి వచ్చాడు. మళ్ళీ పక్కనుంచే పోయాడు. చివరికి ఇంజను ఆపి వింటే, బొంగురు పోయిన గొంతు ఒకటి వినిపించింది.

"నీళ్ళ రంగు చొక్కా వేసుకుని నీళ్ళలో దిగుతారా ఎవరైనా? లోపల చూస్తే పసుపు ఉంది. పైన ఈ ముసుగు ఎవడు తొడిగాడో, వాణ్ణి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టండి" అన్నాడు.

మరిది వ్యాన్ తాళాల వైపు చూసుకున్నాడు. ఆ ముసుగు కుట్లు మిషనమ్మకు అక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి. ఒక్క కుట్టు కూడా జారలేదు.

"నేనే" అంది.

ఆయన ఆమె మొహం వైపు ఒక్కసారి చూశాడు. పోయి కయాక్ తాడు విప్పే పనిలో పడ్డాడు.

వ్యాన్‌లో కూతురు ఆ జాకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి, పొడిబట్టలు కట్టుకుని, వేడిగా ఏదో తాగి, కుట్టుకొట్లో తల్లి కూర్చునే స్టూలు మీదే కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది. చేప గాలానికి చిక్కితే పక్కకు వంగిందట. అదే వేళకు అల పక్కనుంచి తగిలి పడవ బోర్లా పడిందట. దాన్ని తిప్పగలిగింది కానీ మళ్ళీ పైకి ఎక్కలేకపోయిందట. పాకబోయిన ప్రతిసారీ పడవ ఇవతలికి ఒరిగి మీద పడిందట. చేతులు జారాయి, పడవ గాలికి పోయింది.

"లాంచీ వస్తుంటే హమ్మయ్య అనుకున్నాను. చేతులెత్తాను. అందులో వాళ్ళ మొహాలు కనిపిస్తున్నాయమ్మా నాకు. అంత దగ్గర. నా మీదుగా చూస్తూ వెళ్ళిపోయారు. ఈల కోసం చూసుకుంటే గుడ్డ కింద చేతికి గట్టిగా తగులుతోంది, బయటికి రాదు. పళ్ళతో కూడా కొరికాను. నీ కుట్టు తెగదు కదా."

మిషనమ్మ ఆ మాటకు నిలబడిన చోటే కూలబడుతుందని మరిది అనుకున్నాడు. ఆమె కూలబడలేదు. ఆయన మీదికే తిరిగింది. పసుపంటే ప్రాణమని నీకెవరు చెప్పారని అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఎవరో అన్నారన్నాడు. ఎవరో ఎవరు? గుర్తులేదు వదినా, ఊరికే అన్నానన్నాడు. ఊరికే అన్న మాటకు నా చేత్తో నా పిల్లకు గోరీ కుట్టించావని, నా కంటికి కనిపించకుండా మేడ ఎక్కమని, మళ్ళీ పిలిచేదాకా దిగవద్దని చెప్పింది. ఆయన మెట్ల మీద చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత భర్త. ఆయన అప్పటికే చేతులు కడుక్కోవడానికి లేవబోతున్నాడు.

"కూర్చోండి. డిపోలో బస్సు కింద దూరేటప్పుడు మీరు ఏం తొడుక్కుంటారు?"

ఆయన లేవబోయినవాడల్లా మళ్ళీ కూర్చున్నాడు.

"పసుపు చొక్కా. తళుకు పట్టీలది. ఎందుకు? కిందున్న మనిషి డ్రైవరుకు కనిపించాలని. నేను ఉతుకుతాను దాన్ని. ఉతికే నాకు తట్టలేదు, తొడుక్కునే మీకు తెలుసు. నేను ఆ గలీబు కుడుతుంటే ఇదే గదిలో ఉన్నారు. నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"చెబితే నువ్వు వింటావా?" అన్నాడాయన నెమ్మదిగా.

"వినను. వినకపోతే చెప్పరా? నేను అరుస్తానని పిల్లను సముద్రానికి ఇచ్చేస్తారా?"

ఆయన గోళ్ళ వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఆ పూట వాటిని పట్టించుకునేవాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు.

ఇక మిగిలింది కూతురు. మిషనమ్మ ఆమె ముందుకొచ్చి నిలబడింది. ఇంత జరిగాక ఇంక ఆ తొట్టి మొహం చూడవు కదా అని అడగాలని ఆమె నోటి చివరన ఉంది. పిల్ల ఆ ప్రశ్న రాకముందే తల ఎత్తింది.

"నేను మళ్ళీ వెళ్తాను. ముందే చెబుతున్నాను. ఇప్పుడు వెళ్ళకపోతే ఆ వెనకగది తప్ప ఇంకేదీ లేకుండా పోతుంది నాకు. ఈసారి ఒంటరిగా వెళ్ళను. తోటివాళ్ళు రాకపోయినా వెళ్ళడం నా బుద్ధితక్కువ, అది నాది. మిగతాది మాత్రం నీది."

"పైకి ఎక్కడం రానిదానివి ఎందుకు వెళ్ళావే?" అంది తల్లి. కోపంలోనే అంది. నేర్పేవాళ్ళు మొట్టమొదట నేర్పాల్సింది అదే కదా, ఏం నేర్పారు ఆ దద్దమ్మలు అంది.

"నేర్పారు. ఒక రోజంతా అదే. కావాలని పడటం, మళ్ళీ ఎక్కడం. అందరూ నేర్చుకున్నారు. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. ఛాతీలో నొప్పని పడుకున్నావు కదా నువ్వు, సొరచేప కల వచ్చిందని. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఏమీ లేదన్నాడు."

మిషనమ్మకు ఇంక తిట్టడానికి ఎదురుగా ఎవరూ మిగల్లేదు. కోపం మాత్రం దిగలేదు. లోపల తిరిగి తిరిగి, ఎటు పోవాలో తెలియక, చివరికి ఆమె మీదికే వచ్చి కూర్చుంది. ఏడిస్తే తేలికవుతుందేమో. ఏడుపు రాలేదు.

"ఎలా ఎక్కాలో తెలిసినవాళ్ళు ఉన్నారా నీ పనివాళ్ళలో?" అంది.

ఉన్నారంది కూతురు. కాగితం మీద కాదు, నీళ్ళలో చూపించమను, నేనూ వస్తానంది తల్లి. నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా, గట్టున కూర్చుని శాపాలు పెడతావా అని కూతురు విసుక్కుంది.

మళ్ళీ సెలవు వచ్చింది. తీరం లోపలికి వంగి అలలు పెద్దగా లేని చోట, అద్దాల కొట్లో లెక్కలు చూసే అమ్మాయి ముందు ఒకసారి చేసి చూపించింది. పడవకు అడ్డంగా తేలు. కాళ్ళు వెనక్కి ఆడించు. బొడ్డు మీదికి పాకు. వెల్లకిలా తిరిగి కూర్చో. కాళ్ళు తర్వాత లాక్కో. కూతురు మొదటిసారి అవతలికి పడింది. రెండోసారి ఇవతలికి పడింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయి దగ్గింది.

మిషనమ్మ గట్టున కూర్చోలేదు. కట్టుబట్టలతోనే నడుము లోతుకు దిగి, కయాక్‌కు ఒక చేయి దూరంలో నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె సముద్రంలో కాలు పెట్టడం అదే మొదలు. నీళ్ళు కదిలిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తోంది. కింద ఏముందో కనిపించదు. ఒకసారి పిక్కకు మెత్తగా, సన్నగా ఏదో ఒరుసుకుని పోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టు వైపు ఒక్క అడుగు వేసింది. అంతలో కూతురు మూడోసారి జారి నీళ్ళలో పడటం చూసి, ఆ అడుగు వెనక్కి తీసుకుంది. పాచి అయి ఉండొచ్చు. కాకపోయినా కానీ అనుకుంది.

ఒకసారి ఎక్కింది పిల్ల. బొడ్డు మీద పాకి, తిరిగి, కూర్చుంది. వగరుస్తూ తల్లి వైపు చూసింది, చూశావా అన్నట్టు.

"పడు" అంది మిషనమ్మ.

మళ్ళీ పడింది, మళ్ళీ ఎక్కింది. లెక్కల అమ్మాయి చప్పట్లు కొట్టి, వచ్చేసింది పిన్నిగారూ, ఇంక చాలంది. ఎవరికి చాలని మిషనమ్మ ఆ అమ్మాయిని ఒక్క చూపు చూసింది. ఆ పిల్ల గట్టెక్కి కూర్చుంది. కూతురి మోచేతులు ఒరుసుకుపోయి ఎర్రబడ్డాయి. వేళ్ళు ముడతలు పడ్డాయి. అమ్మా, చేతులు లాగేస్తున్నాయి అంది.

"ఆ రోజు లాగలేదా?"

"లాగాయి."

"అప్పుడు నీళ్ళు చాలన్నాయా?"

కూతురు మొహం ఎర్రబడింది. నువ్వు మనిషివి కాదమ్మా అని తెడ్డు విసురుగా నీళ్ళ మీద కొట్టింది. ఆ జల్లు తల్లి మొహం మీద పడింది. తల్లి తుడుచుకోలేదు. చెయ్యి చాచి కయాక్ అంచు పట్టుకుని, ఈసారి చెప్పకుండానే, తన బలమంతా పెట్టి బోర్లించేసింది.

కూతురు మునిగింది. నీళ్ళు మూసుకున్నాయి. మిషనమ్మ చేతులు వాటంతటవే ముందుకు పోబోయాయి. ఒకదానితో ఒకటి పట్టుకుని ఆపుకుంది. పైకి తేలిన పిల్ల, తిట్టుకుంటూ, దగ్గుకుంటూ, పడవను తిప్పింది. అడ్డంగా తేలింది. కాళ్ళు ఆడించింది. పాకింది. జారింది. మళ్ళీ పాకింది. తల్లి చేయి దూరంలో ఉంది. ఇద్దరూ ఒకరి సాయం ఒకరు అడగలేదు.

పిల్ల ఎక్కి కూర్చుని, జుట్టు మొహం మీంచి తోసుకుని, తల్లి వైపు మండిపడుతూ చూసింది. తల్లి కూడా అంత మంటగానే చూసింది.

"మళ్ళీ" అంది.